సెలూన్ పైన గది

సెలూన్ పైన గది నుంచి,
మంగళవారం, షాపు సెలవు.

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. ముందు క్షేమసమాచారాలు రాయాలంటారు. నా గురించి రాయడానికేమీ లేదు. నీ గురించి అడగనక్కర్లేదు. పింఛను తిని పడుకునేవాడికి ఏం రోగం వస్తుంది? నా రాత కోడి గీసినట్టుందని వెక్కిరించకు. షాపులో పాత పేపర్లు చూసి నేర్చుకున్న అక్షరాలు ఇంతకంటే అందంగా రావు. ఒత్తులు ఎక్కడెక్కడ పోయాయో నువ్వే వెతికి పెట్టుకో.

సెలవు రోజున వంతెన కిందికి వెళ్ళి అక్కడివాళ్ళకి గడ్డాలు గీయడం నాకు అలవాటని నీకు తెలుసు. అది జాలి కాదు. మాసిన గడ్డం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు, అంతే. అక్కడ ముగ్గురు మహానుభావులున్నారు. ఒకడు జమీందారు. ఒకప్పుడు ఎవరిదో పెద్ద బంగళాకి గేటు కాపలా కాశాడు. ఇప్పటికీ "మా బంగళాలో, మా మెట్ల మీద" అంటాడు. ఆ మెట్లు నిన్నెప్పుడైనా ఎక్కనిచ్చారా అని అడిగితే గొంతు సవరించుకుంటాడు. రెండోవాడు పాలిష్. ఊళ్ళోవాళ్ళ చెప్పులకి రంగు వేస్తాడు, తన కాళ్ళకి మాత్రం చెప్పులుండవు. మూడోవాడు దుప్పటాయన. ఎండలోనూ దుప్పటి తియ్యడు, మాట్లాడడు, దగ్గుతాడు. ఆ దగ్గు నాకు నచ్చడం లేదు. చలి ముదిరేలోపు ఏదో ఒక కప్పు కిందికి చేరకపోతే ఆయనకి దగ్గే అవసరం కూడా ఉండదు.

ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వం నెలనెలా సాయం డబ్బు ఇస్తుందట. ఒక గదిలో వాటాకి సరిపోతుందట. పేపర్లో వేశారు. పేపరు కొనేవాడికి ఇల్లుంటుంది. ఇల్లు లేనివాడు ఆ పేపరు పరుచుకుని పడుకుంటాడు. తన వార్త తన వీపు కిందే ఉంటుంది, చదవలేడు. సరే, నేనే చెబుదామనుకున్నాను. కానీ జమీందారు గురక ఆగితేగా చెప్పడానికి. తెల్లవారేదాకా లారీ ఎత్తు ఎక్కుతున్నట్టే ఉంటుంది.

పొద్దున ముగ్గురినీ తోలుకుని ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మర్యాద గల పిల్లే, కానీ ఆ పిల్ల నోట్లో పెట్టిన నిబంధన విను. వీళ్ళు ఫలానా చోట పడుకుంటున్నారని ఇల్లున్న మనిషి ఒకడు సాక్షి సంతకం పెట్టాలట. ఇల్లు లేదని చెప్పడానికి ఇల్లున్నవాడు కావాలి. ఆకలేస్తోందని చెప్పడానికి తిన్నవాణ్ణి తోడు తెచ్చుకోవాలన్నమాట. ఈ తెలివికి జీతాలు కూడా ఇస్తారు.

సంతకం పెట్టాను. అడ్రసు అడిగితే సెలూన్ పైన గది అని చెప్పాను. ముగ్గురికీ పెట్టాను. ఇక తనిఖీ ఆఫీసరు ఒకరోజు తెల్లవారుజామున వంతెన కిందికి వచ్చి కళ్ళారా చూసి వెళతాడట. చూడనీ. నా కస్టమర్లని ఎవరైనా చూడవచ్చు. ముందురోజే ముగ్గురినీ కూర్చోబెట్టి తయారు చేస్తాను. జమీందారు తల తిప్పుతూ కబుర్లు చెబుతాడు. వాడికి ఎప్పుడూ చెప్పే మాటే చెబుతాను: "కదలకు. కదిలితే తెగుతుంది, తెగితే తప్పు నీది."

జవాబు రాయాలనిపిస్తే రాయి. పోస్టుమాన్ నా పాత కస్టమరే, రోడ్డు మీదే పట్టుకుని ఇస్తాడు. మెట్లెక్కే ఓపిక వాడికి లేదు.

నీ బావ

*

ఇంటి నుంచి,
వసారా మెట్టు మీద కూర్చుని.

మహారాజశ్రీ బావగారికి,

కోడి గీత అందింది. ఒత్తులు ఏరి పెట్టుకునేసరికి పొద్దు వాలిపోయింది. మా ఆవిడ నీ ఉత్తరం తలకిందులుగా పట్టుకుని చదివి, ఇలా చదివినా ఒకటే అంది.

నవ్వు సంగతి అలా ఉంచు. పని మంచిదే చేశావు. జాలి కాదని రాశావు కదా, సరే, కాదు. నీకు జాలి లేదని మా అక్క కూడా అనేది. అంటూనే నీకు రెండోసారి వడ్డించేది.

ఒక చిన్న అనుమానం. ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టాను. టిక్కెట్టు లేనివాడు ఎలా ఉంటాడో తెలుసా? కిటికీలోంచి బయటికి చూస్తూ అడగని కబుర్లన్నీ చెబుతాడు. నువ్వు వారానికో పూట గడ్డాలు గీయడానికి వెళ్ళేవాడివి. మరి ఆ జమీందారు తెల్లవారేదాకా గురక పెడతాడని నీకెలా తెలిసింది? గదిలో పడుకుంటే వంతెన కింది గురక వినిపిస్తోందా? అయితే గురకకి కాదు, నీ చెవులకి బహుమతి ఇవ్వాలి.

నీ గది కిటికీలోంచి సినిమా హాలు కనిపించేది. ఇప్పటికీ కనిపిస్తోందా? ఊరికే అడుగుతున్నాను.

మా ముందుగది ఖాళీగా ఉంది. కుట్టుమిషను, పాత డబ్బాలు తప్ప ఎవరూ లేరు. రిటైరైన కండక్టర్ల బంధువులకి పాసు ఇస్తారు. పంపమంటే పంపుతాను. ఖర్చు లేకుండా వచ్చి పదిరోజులు ఉండి వెళ్ళు. మా వీధి చివర కొత్తగా పెట్టిన కుర్రాడు నా తల మీద పంట కోసినట్టు కోశాడు. నువ్వు చూస్తే ఏడుస్తావు.

నీ బావమరిది

*

సెలూన్ పైన గది నుంచి.

బావమరిదికి,

పాసు నీ దగ్గరే పెట్టుకో. సినిమా హాలు ఎక్కడికి పోతుంది? ఉన్న చోటే ఉంది.

ఇక్కడ జరిగింది రాస్తున్నాను. నవ్వావంటే మళ్ళీ ఉత్తరం రాయను.

ఆఫీసరు రేపు వస్తాడని కౌంటరు అమ్మాయి కబురు పంపింది. పొద్దుటి నుంచి పని పట్టాను. నీళ్ళు కాచాను, కొత్త బ్లేడ్లు తెచ్చాను. పాలిష్ జుట్టు విప్పేసరికి దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. దుప్పటాయన దుప్పటి తియ్యనంటే దుప్పటిలోంచే తల బయటికి లాగి గీశాను. లోపల ఎంత కళగల మొహం ఉందో ఎవరికి తెలుసు? జమీందారుకి మీసం సన్నగా దిద్దాను. అద్దంలో చూసుకుని మా బంగళా దొరకి కూడా ఇంత మీసం లేదన్నాడు. పటిక రుద్ది, మెడ మీద పౌడరు అద్ది వదిలాను. నా చేతి కింద కూర్చున్నవాడు అడ్డదిడ్డంగా లేచి వెళ్ళడు. రాజు దగ్గరికి వెళ్ళినా, ఆఫీసరు దగ్గరికి వెళ్ళినా అంతే.

తెల్లవారుజామున ఆఫీసరు వచ్చాడు. చలికి మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని, బూట్లకి బురద అంటకుండా కొంగలా నడుచుకుంటూ వచ్చాడు. టార్చి వేసి ఒక్కొక్కడి మొహం చూశాడు. చూసిన కొద్దీ నొసలు ముడిపడింది. నున్నటి చెంపలు, దువ్విన తలలు, పౌడరు వాసన. ఈ వేషం ఎవరికోసం అన్నాడు. ఇంత శుభ్రంగా లేచేవాళ్ళకి ఇల్లు లేదంటే తాను నమ్మాలా అన్నాడు.

అప్పుడైనా నోరు మూసుకుంటే సరిపోయేది. జమీందారు లేచి నిలబడి మీసం సవరించుకున్నాడు.

"మేం షాపుకి వెళ్ళం సార్. బార్బరే మా దగ్గరికి వస్తాడు."

ఇంకేముంది? ముగ్గురి కాయితాల మీదా అడ్డగీతే. ఇళ్ళున్నవాళ్ళు డబ్బుకోసం వచ్చి పడుకున్నారని రాసుకున్నాడు. ఇల్లు లేనివాడు ఎలా ఉండాలో ఆయన బుర్రలో ఒక బొమ్మ ఉంది. ఆ బొమ్మకి గడ్డం ఉంటుంది, పేలు ఉంటాయి, ఏడుస్తూ ఉంటుంది. మనిషి దాంతో సరిపోతే డబ్బు. లేకపోతే లేదు. ఇళ్ళు లేనివాళ్ళ కష్టం గురించి వీళ్ళకి పైవాళ్ళు పాఠం కూడా చెబుతారట. చెప్పినవాడి తలలో ఏముందో కత్తిరించి చూడాలనిపించింది.

తప్పు నాదని రాయబోతున్నావు. రాయకు. మొహాలు బాగుండటం తప్పని నా వృత్తిలో ఎవరూ నేర్పలేదు.

కౌంటరు దగ్గర గొడవపడ్డాను. ఆ అమ్మాయి నా అరుపులన్నీ ఓపిగ్గా విని, నెల తిరిగాక ఇంకొక్కసారి తనిఖీ పెట్టించవచ్చు, ఆఖరుసారి అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఈలోపు మీరు కత్తెర ముట్టుకోకండి తాతగారూ" అంది.

కాబట్టి ఇప్పుడు నా పని ఏమిటంటే రోజూ ఆ ముగ్గురి గడ్డాలు పెరగడం చూస్తూ కూర్చోవడం. పాలిష్ మెడ వెనక వెంట్రుకలు కాలరు కిందికి దిగుతున్నాయి. దుప్పటాయన దగ్గు ఎక్కువైంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నీ బావ

*

ఇంటి నుంచి.

బావా,

నవ్వాను. నవ్వి, మా ఆవిడకి చదివి వినిపించి, మళ్ళీ నవ్వాను. కోపం తెచ్చుకో. జమీందారు అన్న మాటని మా డిపోలో పాత స్నేహితులకి కూడా చెప్పాను. వాళ్ళూ నవ్వారు.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. మీ ఊరి బస్సు నడిపే డ్రైవరు ఒకడు అక్కడే ఉన్నాడు. మీ వీధి గురించి అడిగాను. ఆ వరస కొట్లన్నీ వానలకి ముందే పడగొట్టేశారని, ఇప్పుడక్కడ రేకుల గోడ తప్ప ఏమీ లేదని చెప్పాడు.

నువ్వు ప్రతి ఉత్తరం మీదా 'సెలూన్ పైన గది' అని రాస్తున్నావు. కింద సెలూన్ లేకుండా పైన గది ఎలా నిలబడింది బావా?

రెండు దారులున్నాయి. మా ముందుగదికి వచ్చెయ్. లేదా ఆ కౌంటరులో నాలుగో పేరు రాయించు. ఊరంతటికీ సాయం డబ్బు ఇప్పిస్తూ నువ్వు మాత్రం...

ఈ వాక్యం పూర్తి చేయను. నువ్వే చెయ్యి.

నీ బావమరిది

*

ఎక్కడి నుంచి రాస్తే నీకెందుకు?

బావమరిదికి,

డ్రైవర్లు నోరు మూసుకుని రోడ్డు చూసుకుంటే బస్సులు గుంటల్లో పడవు. నీ స్నేహితుడికి చెప్పు.

అవును, పడగొట్టారు. యజమాని కొడుకు వచ్చి నాలుగు అంతస్తులు లేపుతున్నామన్నాడు, రేపటి నుంచి అన్నాడు. కుర్చీ, అద్దం, కత్తులపెట్టె తెచ్చుకున్నాను. మూడో స్తంభం దగ్గర అద్దం తగిలించాను. పొద్దున్నే నా గడ్డం నేను గీసుకుంటాను, తర్వాత కూలికి పోయేవాళ్ళవి గీస్తాను. కుర్చీ ఉంది, కత్తి ఉంది, కస్టమరున్నాడు. నన్ను ఇల్లు లేనివాళ్ళలో కలపకు. నాకు ఇల్లు కూలిపోయింది. అది వేరు.

నాలుగో పేరు రాయించమన్నావు. టిక్కెట్లు చించడం తప్ప ఏమీ తెలియనివాడివి, విను. ఆ ముగ్గురి కాయితాల మీద సాక్షిని నేను. నేను ఇల్లున్నవాణ్ణి అయితేనే వాళ్ళు ఇల్లు లేనివాళ్ళు అవుతారు. నాకూ ఇల్లు లేదని కౌంటరులో చెప్పిన మరుక్షణం నా సంతకం చెల్లదు, వాళ్ళ ముగ్గురి పనీ పోతుంది. దుప్పటాయన నిన్న దగ్గితే రక్తం చార కనిపించింది. వచ్చేవారం ఆఖరి తనిఖీ. అంతవరకూ నాకు ఇల్లుంది. సెలూన్ పైన ఉంది. కిటికీలోంచి సినిమా హాలు కనిపిస్తుంది. అర్థమైందా?

మీ ముందుగది మాట ఎత్తకు. పెళ్ళైన మొదటి నెలలోనే మీ నాన్న నన్ను ఇల్లరికం ఉండమన్నాడు. అప్పుడే ఉండలేదు. పళ్ళన్నీ ఊడాక ఇల్లరికానికి రమ్మంటావా?

ఈ సంగతి మీ ఆవిడకి చదివి వినిపించకు.

బావ

*

ఇంటి నుంచి. నాకు ఇల్లున్నందుకు క్షమించు.

బావా,

వినిపించలేదు. చెప్పులపెట్టెలో దాచాను.

నేనూ ఒక సంగతి దాచాను. డ్రైవరు చెప్పాడన్నది అబద్ధం. నీ మొదటి ఉత్తరంలో గురక చదివాక నేనే పాసు తీసుకుని వచ్చాను. రేకుల గోడ చూశాను. నీ పోస్టుమాన్‌ని పట్టుకుంటే వంతెన వైపు వేలు చూపించాడు. వంతెన ఇవతల నిలబడి చూశాను. నువ్వు అద్దం ముందు నిలబడి నీ మెడ కింద గీసుకుంటున్నావు, మా పెళ్ళికి తయారైనప్పటిలాగే, పెదవి బిగించి. చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నావు. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిస్తే నీకు నా ముందు మొహం చెల్లదని తెలుసు. తిరిగి బస్సెక్కాను. దారంతా టిక్కెట్టు లేనివాడిలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇక ముందుగది మాట ఎత్తను. కానీ ఒకటి జాగ్రత్త. తనిఖీ ఆయన సాక్షి ఇల్లెక్కడో చూపించమంటే ఏం చేస్తావు? రేకుల గోడ చూపిస్తావా?

నీ బావమరిది

*

వంతెన కింద, మూడో స్తంభం నుంచి.

బావమరిదికి,

దొంగలా వచ్చి దొంగలా వెళ్ళావు. కనీసం తల అయినా సరిచేసి పంపేవాణ్ణి కదా. సరే, అయిపోయింది.

తనిఖీ సంగతి. తెల్లవారుజామున అదే కొంగ, అదే టార్చి. ఈసారి ఆయన బుర్రలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉన్నారు ముగ్గురూ. జమీందారు నోట్లో గుడ్డ కుక్కినంత పని చేశాను. ఏమడిగినా దగ్గమన్నాను. వాడు దుప్పటాయనకంటే ఘోరంగా దగ్గాడు. ఆఫీసరు తల ఊపాడు, ముగ్గురికీ సరే అని రాశాడు. పాపం పాపం అని కూడా అన్నాడు. పోయిన నెల ఈ మనుషులే కదయ్యా అని అడగాలనిపించింది. గడ్డం ఒక్కటే కొత్తది.

తర్వాత నావైపు తిరిగాడు. నువ్వు భయపడ్డదే అడగబోతున్నాడనుకున్నాను. మీరేనా సాక్షి, మీ ఇల్లెక్కడ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే టార్చి నా మొహం మీద వేశాడు. అప్పుడే గీసుకుని ఉన్నాను. నురగ తడి కూడా ఆరలేదు. ఆయన నా చెంపలు చూశాడు, బొత్తాలు చూశాడు.

"మీలాంటి పెద్దమనుషులు పొద్దున్నే ఇంత దూరం వచ్చి వీళ్ళకోసం నిలబడటం గొప్ప విషయమండీ" అన్నాడు. చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

ఇల్లు అడగలేదు. నా చెంపే నా అడ్రసు. గడ్డం గీస్తే ఇల్లున్నట్టు, గీయకపోతే లేనట్టు. దేశమంతా ఇళ్ళు కట్టడం మానేసి బ్లేడ్లు పంచితే సరిపోతుందని ఎవరైనా ఆయన పైవాళ్ళకి చెప్పండి. ఆయన చెయ్యి కలిపిన చోట సబ్బు పెట్టి కడుక్కున్నాను.

డబ్బు వచ్చింది. ముగ్గురూ కలిసి పాత గోడౌను వెనక ఒక గది తీసుకున్నారు. కిటికీ లేదు, తలుపు మాత్రం పడుతుంది. దుప్పటాయన పగలు మందులు మింగి గోడకి ఆనుకుని కూర్చుంటున్నాడు. నిన్న దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. మాట మాత్రం లేదు. జమీందారు సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరు వచ్చినా "మా బంగళాకి దయచేయండి" అంటాడు. మెట్లు లేవని బాధ.

నిన్న నా కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు: "ఇప్పుడు నాకు అడ్రసుంది. నీకు నేను సంతకం పెడతాను."

నాకు సాక్షి వీడు. నా చేత ముక్కు తుడిపించుకున్నవాడు. కదలకు అన్నాను. మిగతా గడ్డం గీసి పంపేశాను.

చలి బాగానే ఉంది. నాకు అలవాటే.

బావ

*

వసారా మెట్టు మీద నుంచి.

బావా,

మా ఊరి కౌంటరులో కనుక్కున్నాను. డబ్బు అందడం మొదలయ్యాక సాక్షితో వాళ్ళకి పని లేదట. సాక్షి తర్వాత ఏమైనా, పాత కాయితం మళ్ళీ తెరవరట. కాబట్టి నీ సాకు అయిపోయింది. ఇంక మిగిలింది నీ పొగరు ఒక్కటే.

అయితే ఒక చిక్కుంది. వచ్చేది ఆ ఆఫీసరే. ఆయన నమ్మాలంటే ఏం చెయ్యాలో నాకంటే నీకే బాగా తెలుసు. ముగ్గురి చేత చేయించావు. వాళ్ళు పెంచుకున్నారు, నీ మాట మీద, నెలరోజులు, కిక్కురుమనకుండా.

వాళ్ళు చేయగలిగింది నువ్వు చేయలేవని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

నీ బావమరిది

*

వంతెన కింద, మూడో స్తంభం. ఇక్కడి నుంచి ఇదే ఆఖరు.

బావమరిదికి,

పందెం ఓడిపోయావు. నీ ఉత్తరం చదివి చించేశాను. మర్నాడు పొద్దున కత్తి తీసి, తోలుపట్టీ మీద నూరి, మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

గడ్డం గురించి ఎవరూ నిజం చెప్పరు. ముందు దురద, తర్వాత మంట, ఆ తర్వాత తిన్నదంతా అందులోనే. తెల్లగా, అక్కడక్కడా పసుపుగా, పాత బ్రష్షులా వచ్చింది. అద్దాన్ని స్తంభం వైపు తిప్పేశాను. ఒక కుర్రవాడు కుర్చీలో కూర్చోబోయి, నన్ను చూసి, "నీ గడ్డం నువ్వే గీసుకోలేవు, నాకేం గీస్తావు తాతా" అని లేచి వెళ్ళాడు. ఇంకెప్పుడైనా అయితే వాడి చెవి మెలిపెట్టేవాణ్ణి. వాడన్నది నిజమే అనిపించి ఊరుకున్నాను. ఈ నెల్లాళ్ళలో నాకు నచ్చని విషయాల్లో అదొకటి.

జమీందారు పాలిష్ దగ్గర చొక్కా అడిగి వేసుకుని ఆఫీసుకి వచ్చాడు. అడ్రసు చెప్పమంటే తలుపు రంగు నుంచి మొదలుపెట్టి గది మొత్తం వర్ణించాడు. ఈయన ఎక్కడ పడుకుంటాడని అడిగింది కౌంటరు అమ్మాయి. మూడో స్తంభం దగ్గర, కళ్ళారా చూశాను, నా గురకకి నిద్రపట్టక కూర్చోవడం కూడా చూశాను అన్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. ఎంత గడ్డం పెరిగినా గుర్తుపట్టింది, నాకు తెలుస్తూనే ఉంది. తలవంచుకుని ముద్ర వేసింది. ఆ ఆఫీసు మొత్తంలో పనికొచ్చే తల అదొక్కటే.

నిన్న తెల్లవారుజామున కొంగ దిగింది. టార్చి నా మొహం మీద వేసి, పాపం పాపం అని రాసుకుంది. వెళ్ళబోతూ ఆఫీసరు ఆగి నన్నే అడిగాడు. ఇదివరకు ఇక్కడ శుభ్రంగా ఉండే పెద్దమనిషి ఒకాయన మీ అందరికీ సాయం చేసేవారు, ఇప్పుడు రావడం లేదా అని.

"లేడండీ. ఇల్లు మారాడు" అన్నాను.

మంచివాడు, అలాంటివాళ్ళు అరుదు అన్నాడు. అరుదేనని ఒప్పుకున్నాను.

నాకూ సాయం మంజూరైంది. జమీందారు గదిలో నాలుగో చాప పరిచారు. వాటా ఇచ్చి ఉంటాను, ఊరికే కాదు. అద్దం పెట్టడానికి గోడ చాలు. మొదటి డబ్బు అందగానే మీ ఊరు వస్తాను. ఉండటానికి కాదు. నీ తల మీద ఆ కుర్రాడు కోసిన పంట సరిచేయడానికి. పాసు పంపకు. టిక్కెట్టు కొంటాను. మీ ఆవిడకి చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పు. నా పొగరు ఎక్కడికీ పోలేదని కూడా చెప్పు.

ఒక్కటి రాసి ఆపుతాను. ఆఫీసరు అటు వెళ్ళగానే కత్తి తీశాను. అద్దం ఇటు తిప్పాను. చూసుకున్నాను. కత్తి చెంప దాకా వచ్చి ఆగింది. చలికి. సాక్షిగా వచ్చిన జమీందారు ఇంకా అక్కడే ఉన్నాడు. అడగకుండానే నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. నన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టాడు, తప్పుగా కట్టాడు. నురగ ముక్కులోకి పోయేలా పూశాడు. వీడు తన జన్మలో కత్తి పట్టలేదని పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. నా గడ్డం ఇంతవరకూ ఇంకొకడి చేతికి ఇవ్వలేదు. చెప్పబోయాను.

"కదలకు" అన్నాడు. "కదిలితే తెగుతుంది. తెగితే తప్పు నీది."

మొదటి గీతకే తెగింది. నేను కదలలేదు.

బావ